పదడుగుల హాలుకి టీవీ వెతకడం

మా హాలు వెడల్పు పది అడుగులు, పొడవు పదమూడు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. సోఫా, దివాన్, పూజ అల్మరా, చెప్పుల స్టాండు, అబ్బాయి గిటారు అన్నీ ఇందులోనే. పాత 40 అంగుళాల టీవీ తెర మీద నిలువుగా గీతలు పడ్డాయి. మెకానిక్ వచ్చి చూసి, "ప్యానెల్ పోయింది మేడమ్, మార్చే డబ్బుకి ఇంకో టీవీ వస్తుంది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఈసారి ఏళ్ల తరబడి చూసుకునేలా మంచిదే కొందామని, లక్షన్నర వరకు పెట్టొచ్చని ఇంట్లో అనుకున్నాం. కొనే బాధ్యత నాది. మా ఆయనకి సైజు ఒక్కటే కావాలి, మా అబ్బాయికి గేమ్స్ ఆడితే చాలు, అత్తయ్యకి రిమోట్ అర్థమైతే చాలు.

"ఇంత చిన్న హాలుకి అంత ఖరీదైన టీవీ ఎందుకు?" అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. నా ఆలోచన దీనికి సరిగ్గా ఎదురుగా ఉంది. పెద్ద హాల్లో అందరూ టీవీకి ఎదురుగా, తీరిగ్గా కూర్చుంటారు. కిటికీ ఎక్కడో దూరంగా ఉంటుంది. చిన్న హాల్లో చోటు దొరికిన చోట కూర్చోవాలి, అంటే సగం మంది పక్క నుంచే చూస్తారు. బాల్కనీ వెలుగు నేరుగా తెర మీదికొస్తుంది. మామూలు టీవీలో ఉండే లోపాలన్నీ అలాంటి గదిలోనే బయటపడతాయి. కాబట్టి సైజులో తగ్గినా ప్యానెల్‌లో, అంటే బొమ్మ చూపించే తెరలో, తగ్గకూడదని ముందే ఒక నిర్ణయానికి వచ్చాను. ఏ ప్యానెల్ అన్నది మాత్రం అంత తొందరగా తేలలేదు.

షోరూమ్‌కి వెళ్లేముందు టేపు పట్టుకుని హాలు కొలిచాను. ఉత్తరం గోడకి ఒక పక్క బెడ్‌రూమ్ తలుపు, ఇంకో పక్క పూజ అల్మరా. మధ్యలో ఖాళీ గోడ ఆరడుగులు. దానికి ఎదురుగా దక్షిణం గోడకి సోఫా. సోఫాలో ఆనుకుని కూర్చుంటే కంటికీ తెరకీ మధ్య ఏడున్నర అడుగులు వస్తుంది. తూర్పున బాల్కనీ, దాని పక్క కిటికీ కింద అత్తయ్య దివాన్. సముద్రం గాలి అక్కడే తగులుతుంది కాబట్టి దివాన్ జరిపే ప్రసక్తే లేదు. అక్కడి నుంచి తెరకి ఆరడుగులే దూరం, కానీ చూపు నలభై అయిదు డిగ్రీలకి పైనే ఏటవాలుగా పడుతుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు టీవీ చూసే మనిషి కూర్చునే చోటు అది. ఈ ఒక్క కొలత తర్వాత చాలా వాదనలు తేల్చేసింది.

సైజు దగ్గర మా ఆయన ఒక లెక్క పట్టుకొచ్చారు. తెర మన చూపులో ముప్పై డిగ్రీల వెడల్పు ఆక్రమిస్తే మామూలుగా చూడటానికి హాయిగా ఉంటుందని, సినిమా హాలు అనుభూతి కావాలంటే నలభై డిగ్రీలు ఉండాలని ఆ రంగంలో వాళ్లు చెబుతారు. ముప్పై డిగ్రీలకి టీవీ అంగుళాల్ని 1.6తో, నలభైకి 1.2తో గుణిస్తే ఎన్ని అంగుళాల దూరంలో కూర్చోవాలో వస్తుంది. ఏడున్నర అడుగులంటే 90 అంగుళాలు. ముప్పై డిగ్రీల లెక్కలో మాకు 55 అంగుళాల టీవీ సరిపోతుంది. నలభై డిగ్రీల లెక్కలో 75 పడుతుంది. "చూశావా, శాస్త్రమే చెబుతోంది" అన్నారాయన.

శాస్త్రంతో వాదించడం కంటే గోడతో వాదించడం తేలిక. పుస్తకాలకి అట్టలు వేసే ఖాకీ కాగితం తెచ్చి మూడు సైజులూ కత్తిరించాను. 55 అంగుళాల తెర అంటే వెడల్పు 48 అంగుళాలు, ఎత్తు 27. 65కి 57, 32. 75కి 65, 37. తెర కొలత మూల నుంచి మూలకి చెబుతారు కాబట్టి అసలు వెడల్పు ఎంతో షోరూమ్‌లో తట్టదు. ఒక్కో కాగితం టేపుతో గోడకి అంటించి ఒక పూట అలాగే ఉంచాం. 75 అంగుళాల కాగితం పూజ అల్మరా తలుపు మీదకి వెళ్లకపోయినా, తలుపు తీస్తే అంచు తగులుతోంది. అత్తయ్య దీపం పెట్టడానికి వెళ్లి చూసి, "ఇది టీవీయా, గోడా?" అన్నారు. 75 అక్కడితో ఆగిపోయింది. మిగిలింది 55, 65 మధ్య తగాదా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 4కే సినిమాలు మాత్రమే చూసే ఇల్లయితే ఏడున్నర అడుగులకి 65 అంగుళాలు ఏమాత్రం ఎక్కువ కాదు. అంత దగ్గర నుంచి చూసినా 4కేలో చుక్కలు కంటికి దొరకవు. మా ఇంట్లో రోజంతా నడిచేది మాత్రం డిష్ కనెక్షన్. అందులో చాలా ఛానళ్లు ఎస్‌డీ. 4కే బొమ్మలో పై నుంచి కిందికి 2160 వరసలుంటే ఎస్‌డీలో 576. ఆ 576 వరసల్ని 27 అంగుళాల ఎత్తుకి సాగదీస్తేనే మొహాలు అలికినట్టు ఉంటాయి. 32 అంగుళాలకి సాగదీసి ఆరడుగుల దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో మా తోడికోడలి ఇంట్లో చూశాను. వాళ్లది 65. సినిమా పెడితే అద్భుతం, సీరియల్ పెడితే హీరోయిన్ బుగ్గ మీద గళ్లు.

ఈ బాధలో సగం తీర్చే మార్గం టీవీలో లేదు, ప్యాక్‌లో ఉంది. మా సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీదే, మేం కట్టేది మాత్రం ఎస్‌డీ ప్యాక్. అత్తయ్య చూసే వినోద ఛానళ్లకి హెచ్‌డీ రూపాలున్నాయి. స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమినీ అన్నీ హెచ్‌డీలో వస్తాయి. నెలకి కొద్దిగా ఎక్కువ కట్టి మార్పించాం. పాత టీవీలోనే, ఆ గీతల మధ్య నుంచే తేడా తెలిసింది. లక్షల టీవీ కొని ఎస్‌డీ ప్యాక్ ఉంచుకున్న ఇళ్లు నాకు చాలానే తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆవిడ చూసే న్యూస్ ఛానళ్లు మాత్రం మా ప్యాక్‌లో ఎస్‌డీలోనే మిగిలాయి.

ఇక ప్యానెల్ సంగతి. పెద్ద ధరల్లో ఇప్పుడు ప్రధానంగా రెండు జాతులు: మినీ ఎల్ఈడీ, ఓలెడ్ (ఓఎల్ఈడీ అని రాసేది ఇదే). మినీ ఎల్ఈడీ అంటే మామూలు ఎల్‌సీడీ తెరే, వెనక వేల కొద్దీ చిన్న దీపాలు పెట్టి వాటిని భాగాలుగా వెలిగిస్తారు, ఆర్పుతారు. వెలుగు బాగా ఇస్తుంది, పట్టపగలు కూడా కళకళలాడుతుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తే మాత్రం అక్షరాల చుట్టూ పొగలా వెలుగు కమ్ముతుంది. ఓలెడ్‌లో వెనక దీపమే ఉండదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. వెలుగు మినీ ఎల్ఈడీ అంత ఉండదు, ధర ఎక్కువ. అటూ ఇటూగా 65 మినీ ఎల్ఈడీ ధరకి 55 ఓలెడ్ వస్తుంది. కాబట్టి మా ఇంట్లో ప్యానెల్ తగాదా, సైజు తగాదా రెండూ ఒకటే అయిపోయాయి. ఆయన 65 మినీ ఎల్ఈడీ పక్షం, నేను ఇంకా గోడ మీద పిల్లినే.

"క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ రెండూ ఒకటే మేడమ్, కంపెనీని బట్టి పేరు మారుద్ది" అని ద్వారకానగర్‌లో ఒక షోరూమ్ కుర్రాడు భరోసాగా చెప్పాడు. పేర్లు అలా పెట్టారు కాబట్టి అతన్నీ అనలేం. క్యూఎల్ఈడీ అంటే రంగుల కోసం ఒక పొర అదనంగా వేసిన ఎల్‌సీడీ. ఒక్క అక్షరం తేడాకి ధరలో డెబ్బై వేలు తేడా ఎందుకుందో చెప్పమంటే, "అది బ్రాండ్ వాల్యూ మేడమ్" అన్నాడు.

షోరూమ్‌లో టీవీ చూడటం వల్ల ఉపయోగం తక్కువన్నది చాలామందికి తెలిసిన విషయమే. పైన ట్యూబులు ధగధగలాడుతుంటాయి, అన్ని తెరల మీదా చిలకలు, పళ్లు, రంగుల వానలు. ఆ వీడియోలు కంపెనీలే తయారు చేస్తాయి, ఏ టీవీలో అయినా బాగుంటాయి. నేను పెన్‌డ్రైవ్‌లో నా సరుకు నేను తీసుకెళ్లాను. సిరిపురం దగ్గర రాత్రి ఫోన్‌తో తీసిన వీధి దీపాల వీడియో, ఒక పెళ్లి వీడియో ముక్క, నల్లటి తెర మీద తెల్లటి పేర్లు కదిలే ఒక నిమిషం, ముదురు బూడిద రంగు బొమ్మ ఒకటి. "డెమో మోడ్ తీసేసి హోమ్ మోడ్ పెట్టండి", అంటే షోరూమ్ ధగధగ కాకుండా ఇంట్లో కనిపించేలా పెట్టండి అని అడిగితే కొంతమంది మొహం చిట్లించారు. దొండపర్తి వైపు ఒక చిన్న షాపాయన మాత్రం తన సెట్‌టాప్ బాక్స్ తీసుకొచ్చి తగిలించి, ఎస్‌డీ న్యూస్ ఛానల్ పెట్టి, "మీ ఇంట్లో నడిచేది ఇదే కదమ్మా, ఇది చూడండి" అన్నారు. ఆయన దగ్గర మాకు కావలసిన మోడల్ లేకపోయింది కానీ, అడగాల్సిన ప్రశ్నలు ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తేల్చింది మాత్రం పక్క నుంచి చూపు. 65 అంగుళాల మినీ ఎల్ఈడీ ముందు నిలబడి మా ఆయన మురిసిపోతుంటే, "ఇప్పుడు అత్తయ్య దివాన్ దగ్గరికి రండి" అని పక్కకి తీసుకెళ్లాను. నాలుగడుగులు కుడికి, నాలుగడుగులు ముందుకి. పెళ్లికూతురి ఎర్రచీర అక్కడి నుంచి కుంకుమరంగు పోయి గులాబీలోకి వచ్చింది. నలుపంతా బూడిదైంది. ఇలాంటి టీవీల్లో ఎక్కువగా వాడేది వీఏ రకం ఎల్‌సీడీ. ఎదురుగా నలుపు బాగా ఇస్తుంది, పక్కకి వెళ్తే రంగు వెలిసిపోతుంది. ఐపీఎస్ రకంలో పక్క చూపు మెరుగ్గా ఉంటుంది కానీ, ఎదురుగానే నలుపు పలచబడుతుంది. పక్కనే ఉన్న ఓలెడ్ దగ్గర అదే చోట నిలబడితే చీర చీరలాగే ఉంది. ఆయన రెండు సార్లు అటూ ఇటూ నడిచి, ఏమీ అనకుండా 55 ధర అడిగారు. దగ్గరగా కూర్చున్నకొద్దీ పక్కన ఉన్నవాళ్ల చూపు మరింత ఏటవాలవుతుంది. కాబట్టి గది ఎంత చిన్నదైతే ఈ గుణం అంత ముఖ్యం. టీవీ సలహాల్లో గది సైజు అనగానే అంగుళాల గురించే మాట్లాడతారు, దీన్ని ఎవరూ చెప్పరు.

ఓలెడ్ అనుకున్నాక అసలు టెన్షన్ మొదలైంది: తెర మీద మచ్చ. కదలకుండా ఒకే చోట గంటలకొద్దీ వెలిగే లోగో, పట్టీ లాంటివి ఏళ్ల తరబడి అలాగే ఉంటే ఆ చోట చుక్కలు మిగతావాటికంటే ముందు అరిగి, నీడలా ముద్ర పడిపోతుంది. మన న్యూస్ ఛానల్ ఒక్కసారి తలుచుకోండి. కింద ఎర్ర పట్టీ, దాని కింద పసుపు పట్టీ, మూల లోగో, ఇంకో మూల గడియారం, మధ్యలో ఎక్కడో వార్త. ఓలెడ్‌ని పాడుచేయడానికే ఎవరో కూర్చుని గీసినట్టుంటుంది. వారంటీ షరతులు చదివాను. ఇలాంటి మచ్చకి సాధారణంగా వారంటీ వర్తించదు. ఇల్లంతా పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే న్యూస్ ఛానల్ నడిచేదైతే నేను ఓలెడ్ కొనేదాన్ని కాదు, ఎవరికీ కొనమని చెప్పను కూడా. మా ఇంట్లో న్యూస్ సాయంత్రం ఒక గంట, గంటన్నర. మిగతాది సీరియళ్లు, సినిమాలు, క్రికెట్, గేములు. వెలుగు మరీ పైకి పెట్టకపోతే, తెర మీద బొమ్మలు మారుతూ ఉంటే అరుగుదల అన్నిచోట్లా సమంగా పడుతుంది. ఆ లెక్క మీద ధైర్యం చేశాం.

పగటి వెలుగు ఇంకో చిక్కు. ఉదయం తొమ్మిది దాకా బాల్కనీలోంచి ఎండ హాలు సగానికి వస్తుంది. సోఫాలో వంటింటి వైపు చివర కూర్చుంటే తెరలో బాల్కనీ కమ్మీలు లెక్కపెట్టుకోవచ్చు. ఓలెడ్‌లో మళ్లీ రెండు రకాలు. ఎల్‌జీ డిస్‌ప్లే వాళ్లు చేసేది తెల్ల వెలుగు పుట్టించి దాన్ని రంగు ఫిల్టర్ల గుండా పంపేది. శాంసంగ్ డిస్‌ప్లే వాళ్లు చేసే క్యూడీ-ఓలెడ్ 2022 నుంచి టీవీల్లో వస్తోంది, నీలం వెలుగుని క్వాంటమ్ డాట్ పొరతో ఎరుపు, ఆకుపచ్చగా మారుస్తుంది. రంగుల్లో రెండోదే మేలు, చీకటి గదిలో చూస్తే నిజంగా కళ్లు చెదిరిపోతాయి. కానీ దాని మీదకి బయటి వెలుగు పడినప్పుడు నలుపు కాస్త బూడిద ఊదాగా తేలుతుంది. మొదటి రకంలో ఆ బాధ తక్కువ. రాత్రి మాత్రమే టీవీ పెట్టే ఇల్లయితే క్యూడీ-ఓలెడ్‌కే వెళ్లేదాన్ని. మాది తెరిచిన బాల్కనీ, పగలంతా టీవీ. మొదటి రకమే నయమనిపించింది.

అలా చివరికి రెండు మోడళ్లు మిగిలాయి: ఎల్‌జీ సీ5, సోనీ బ్రావియా 8. రెండింటిలోనూ డాల్బీ విజన్ (సీన్‌ని బట్టి వెలుగు, రంగులు సర్దే పద్ధతి) ఉంది. శాంసంగ్ టీవీల్లో అది ఉండదు, దాని బదులు అలాంటిదే హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. మా అబ్బాయి ఓటు ఎల్‌జీకి. కారణం, దాని నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులూ 2.1 రకం, అంటే దేంట్లో పెట్టినా ప్లేస్టేషన్ 5 సెకనుకి 120 ఫ్రేములతో 4కేలో ఆడుతుంది. సోనీలో అలాంటివి రెండే, ఆ రెండిట్లో ఒకటి సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకర్) తగిలించే పోర్టు కూడా. "రేపు సౌండ్‌బార్ కొంటే ఒక్కటే మిగులుద్దమ్మా" అని వాడి లెక్క. లెక్క తప్పేం కాదు. మాకున్నది ఒక ప్లేస్టేషన్, ఒక సెట్‌టాప్ బాక్స్. బాక్స్‌కి మామూలు పోర్టు చాలు.

సోనీ వైపు నన్ను లాగినవి రెండు. ఎస్‌డీ బొమ్మని సాగదీసి చూపించడంలో దాని పనితనం నా కంటికి మెరుగ్గా కనిపించింది. దొండపర్తి షాపాయన నేర్పిన పరీక్షే ఇంకో షోరూమ్‌లో రెండింటికీ పెట్టి చూశాను. పట్టీలో అక్షరాల అంచులు సోనీలో శుభ్రంగా ఉన్నాయి, మొహాల మీద గళ్లు తక్కువ. రెండోది శబ్దం. ఈ మోడల్‌లో తెరే స్పీకర్. వెనక పెట్టిన చిన్న యంత్రాలు తెరని కంపింపజేసి మాటని అందులోంచే పుట్టిస్తాయి. మనిషి ఎక్కడ మాట్లాడుతుంటే అక్కడి నుంచి వినిపిస్తుంది. చిన్న హాల్లో సౌండ్‌బార్‌కి విడిగా చోటు వెతుక్కోవడం ఒక పని, దానికి ఒక ఊఫర్ తోడైతే మా చెప్పుల స్టాండు బాల్కనీలోకి పోవాలి. తెర స్పీకర్‌లో గుండెలదిరే బేస్ రాదు, మాటలు మాత్రం స్పష్టం. అత్తయ్యకి కావలసింది అదే. రిమోట్ దగ్గర ఆవిడ ఓటు కూడా సోనీకే పడింది. ఎల్‌జీలోలా తెర మీద బాణం గుర్తు ఎగరకుండా బటన్ నొక్కితే పని జరిగే రిమోట్ కావాలన్నారు.

ఇదంతా తేలి సోనీయే అనుకునేసరికి 2025 సెప్టెంబర్ వచ్చింది. 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గిస్తున్నట్టు ప్రకటించింది, 22 నుంచి అమలు. సరిగ్గా దసరా నవరాత్రుల మొదటి రోజు. మేం ఆగిపోయాం, ఊరంతా ఆగిపోయినట్టుంది, షోరూములు బోసిపోయాయి. పది శాతం తగ్గితే లక్షన్నరకి పదిహేను వేలు మిగులుతాయని మా ఆయన సంబరపడ్డారు కానీ, లెక్క అలా రాదు. పన్ను లేని ధర లక్ష అనుకుంటే 28 శాతంతో లక్షా ఇరవై ఎనిమిది వేలు, 18తో లక్షా పద్దెనిమిది వేలు. తగ్గింది పది వేలు, పాత ధర మీద చూస్తే ఎనిమిది శాతం కూడా కాదు. లక్షన్నర మీద పన్నెండు వేలకి కాస్త తక్కువ. అదీ చిన్న మొత్తమేం కాదు. 22 తర్వాత పన్ను తగ్గింపుని పండగ ఆఫర్‌లో కలిపేసి, రెండూ తామే ఇస్తున్నట్టు చెప్పిన ఒక షోరూమ్ నుంచి నమస్కారం పెట్టి వచ్చేశాం. ఇంకోచోట బిల్లులో అన్నీ విడివిడిగా చూపించారు, అక్కడే కొన్నాం. కార్డు తగ్గింపు కూడా కలిపాక లక్షన్నర కొంచెం దాటింది. "నో కాస్ట్ ఈఎంఐ" తీసుకున్నాం గానీ అందులోనూ కాస్ట్ ఉంది. బ్యాంకు వేసే వడ్డీని షాపు తగ్గింపుగా ఇస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మనమే కట్టాలి.

గోడకి బిగించాలని అందరం అనుకున్నాం. ఆ ఖాళీ గోడ వెనక బెడ్‌రూమ్ బాత్రూమ్ ఉంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, వానాకాలం పెయింటు పొక్కులు తేలుతుంది. తాపీమేస్త్రీని పిలిచి చూపిస్తే వేలితో తట్టి, "చెమ్మ లోపలుందమ్మా. మేకు పడుద్ది, నిలబడుద్దో లేదో నేను చెప్పను. పైపు తగిలితే నన్నడగొద్దు" అన్నాడు. అంత నిజాయితీగా చెప్పాక ఇంకా గోడ గురించి ఆలోచించలేదు. తక్కువ ఎత్తు టేబుల్ మీద దాని కాళ్ల మీదే నిలబెట్టాం. దీనివల్ల ఒక మేలు జరిగింది. గోడకి బిగించేవాళ్లు అలవాటుగా అయిదడుగుల ఎత్తులో బిగిస్తారు, దగ్గరగా కూర్చునే గదిలో మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది. టేబుల్ మీద పెడితే తెర మధ్యభాగం సోఫాలో కూర్చున్న కంటికి తిన్నగా వచ్చింది. కాళ్లు తెర రెండు చివరల వైపు పెట్టాలనుకుంటే టేబుల్ వెడల్పు ముందే కొలుచుకోవాలి. మా పాత టీవీ టేబుల్ సరిపోక ఇంకోటి చేయించాం.

తెచ్చేరోజు పెట్టె లిఫ్టులో పట్టలేదు. పలచటి ప్యానెల్ కాబట్టి పెట్టెని పడుకోబెట్టకూడదని దాని మీదే రాసుంది. తెచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ముందు ఏటవాలుగా వంచబోతే ఆపి, మెట్ల మీద నిలువుగానే మోయించాం. పైకెక్కాక మజ్జిగ ఇచ్చాం. విప్పేటప్పుడు మా అబ్బాయి మొత్తం వీడియో తీశాడు, పెట్టె మీద, టీవీ వెనక, బిల్లు మీద సీరియల్ నంబర్లు ఒకటేనా అని చూశాడు. నా పెన్‌డ్రైవ్‌లో బూడిద రంగు బొమ్మ పెట్టి మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూశాం. చీకట్లో ఒక చివర చాలా సన్నటి చారలు లీలగా కనిపించాయి. ఓలెడ్‌లో ఇవి కొంతవరకు మామూలే, సినిమాలో కనపడవు. కనపడే చుక్క లేకపోతే చాలనుకుని సంతకం పెట్టాను.

తర్వాత ఒక వారం సెట్టింగుల గొడవ. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే పెడితే సినిమా కూడా సీరియల్‌లా జారిపోతూ కనిపిస్తుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ మధ్యలో లేని ఫ్రేములు తనే కల్పించి కలుపుతుంది. దాన్ని పూర్తిగా ఆపేశాను. ఓలెడ్‌లో చుక్కలు అతి వేగంగా మారతాయి కాబట్టి పూర్తిగా ఆపితే కెమెరా పక్కకి తిరిగేటప్పుడు బొమ్మ కొద్దిగా గెంతినట్టుంది. అతి తక్కువ మెట్టు మీద ఉంచితే రెండు బాధలూ తీరాయి. బొమ్మని సినిమా మోడ్‌కి మార్చగానే అత్తయ్య, "అమ్మాయ్, టీవీకి పసిరికలొచ్చాయే" అన్నారు. నిజమే, ఆ మోడ్‌లో తెలుపు కాస్త పసుపు వైపు ఉంటుంది, నీలం తెలుపుకి అలవాటుపడ్డ కంటికి కొన్నాళ్లు అలాగే అనిపిస్తుంది. ఆవిడ్ని మార్చే ప్రయత్నం చేయలేదు. ఈ టీవీలో ఒక్కో పోర్టుకి విడిగా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. సెట్‌టాప్ బాక్స్‌కి చల్లటి తెలుపు, కొంచెం వెలుగు ఎక్కువ. ఓటీటీ యాప్‌లకి సినిమా మోడ్. ప్లేస్టేషన్‌కి గేమ్ మోడ్. ఒకే టీవీలో ముగ్గురం ముగ్గురిలా బతుకుతున్నాం.

మన ఇళ్లలో ఓలెడ్‌కి అసలైన శత్రువు మాత్రం గోడ మీద స్విచ్చి. రాత్రి పడుకోబోయేముందు అన్ని స్విచ్‌లూ ఆపడం అత్తయ్యకి నలభై ఏళ్ల అలవాటు. ఈ టీవీలు రిమోట్‌తో ఆపాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు చుక్కల అరుగుదలని సరిచేసుకునే పని తమంతట తాము చేసుకుంటాయి. మెయిన్ ఆపేస్తే ఆ పని జరగదు, మచ్చ భయం పెరుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి దానంతట అదే వెళ్లేది. చివరికి టీవీ ప్లగ్‌ని టేబుల్ వెనక ఉన్న బోర్డుకి మార్చి, మధ్యలో సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎక్కువైతే టీవీని కాపాడేది) పెట్టాం. పిడుగులు పడేరోజు మాత్రం నేనే ప్లగ్ తీసేస్తాను. పాత స్విచ్చి ఆవిడ ఇప్పటికీ ఆపుతారు, దానికి ఇప్పుడు ఏమీ తగిలించి లేదు.

పైఖర్చులు కూడా చెప్పాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే కావాలంటే నెలకి 649 రూపాయల ప్లానే తీసుకోవాలి, కింది ప్లాన్లలో రాదు. నెట్ కేబుల్ టీవీకి గుచ్చితే వేగం పెరుగుతుందనుకుంటాం గానీ, ఈ టీవీల్లో ఆ పోర్టు చాలావాటికి 100 ఎంబీపీఎస్ దాకానే. ఓటీటీకి అది చాలు, రౌటర్ అదే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఇంకా వేగంగా నడుస్తుంది. మాది హాల్లోనే ఉంది కాబట్టి వైరు లాగలేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాం. నేను దేనికీ తీసుకోను, కానీ ఇంత పలచటి ప్యానెల్ పోతే మార్చే ఖర్చు అడిగి తెలుసుకున్నాక తీసుకున్నాను. బాల్కనీకి జగదాంబ దగ్గర ముదురు రంగు మందపాటి కర్టెన్ కొన్నాం. వేస్తే బొమ్మ ఎంత బాగుంటుందో, గాలి అంత ఆగిపోతుంది. రాత్రి సినిమాకి వేస్తాం, పగలు అత్తయ్య వేయనివ్వరు. సౌండ్‌బార్ సంగతి అబ్బాయి మళ్లీ ఎత్తాడు, సెమిస్టర్ మార్కులు వచ్చాక మాట్లాడదామన్నాను.